పెరటి మల్లెకు కత్తెర

బందరులో గాని, గుడివాడలో గాని, దివిసీమ పల్లెలలో గాని కాస్త పెరడున్న ఇంట ఒక మల్లె పొద లేకపోవడం అరుదు. నూతి గట్టు పక్కనో, స్నానాల గది వెనుకనో, వాడిన నీరు పారే చోట దానిని నాటుతారు. మొదటి రెండు మూడేళ్లు అది వేసవి సాయంత్రాలలో దోసెడు దోసెడు మొగ్గలిస్తుంది. ఆ తరువాత పొద పెరుగుతుంది, పూత తగ్గుతుంది. అయిదారేళ్లకు గోడ ఎత్తున ఆకు, కొమ్మల చివర నాలుగంటే నాలుగు పూలు మిగులుతాయి. నేలలో సారం పోయిందని ఒకరు, మొక్కకు దిష్టి తగిలిందని మరొకరు అంటారు. చివరకు పొదను పీకివేసి కొత్త అంటు తెస్తారు. నిజానికి ఆ మొక్కకు ముసలితనం రాలేదు. దానికి కావలసినది ఏడాదికొక్కసారి కత్తెర. ఆ పని సక్రమంగా జరిగితే మల్లె పది పన్నెండేళ్లకు పైగా పూస్తుంది.

అయితే పచ్చని మొక్కను మోకాటి ఎత్తుకు కోయమంటే చాలమందికి చేయి రాదు. కత్తిరింపు ఎందుకో ముందు తెలిస్తే, ఎప్పుడు, ఎంత అనే ప్రశ్నలకు సమాధానాలు తేలికగా దొరుకుతాయి.

పూవు పుట్టే చోటు

బొడ్డుమల్లె, దొంతరమల్లె రెండూ ఒకే జాతికి చెందినవి. వృక్షశాస్త్రంలో దీని పేరు జాస్మినం సంబాక్. పూస్తున్న కొమ్మను చేతిలోకి తీసికొని చూడండి. మొగ్గలు గుత్తిగా, తరచు మూడేసి చొప్పున, కొత్తగా వచ్చిన లేత రెమ్మల కొసలలోనే ఉంటాయి. క్రిందటేటి గోధుమరంగు కొమ్మ మీద నేరుగా మొగ్గ రాదు. కాబట్టి పొదలో ఎన్ని కొత్త రెమ్మలు లేస్తే అన్ని పూగుత్తులు. పాత కొమ్మలు ఎంత పొడవు పెరిగినా ఆకును మోయడానికే గాని, పూతకు అక్కరకు రావు.

మరి కొత్త రెమ్మలు వాటంతట అవి ఎందుకు లేవవు? ప్రతి ఆకు మొదట, కాడ కాండాన్ని కలిసే మూలలో, ఒక చిన్న మొగ్గ నిద్రిస్తూ ఉంటుంది. దీనిని గ్రీవకోరకం అంటారు. కొమ్మ కొసనున్న చిగురు ఈ పక్క మొగ్గలను లేవనీయదు. ఈ స్థితికి అగ్రాధిక్యం అని పేరు. కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కాండం వెంట క్రిందికి దిగుతూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. 1920 దశకంలో డచ్చి శాస్త్రవేత్త వెంట్ ఓటు ధాన్యపు మొలకల కొసలపై ప్రయోగాలు చేసి ఈ పదార్థం ఉనికిని రుజువు చేశాడు. 1930 దశకంలో థీమన్, స్కూగ్ అనువారు ఒక రకం చిక్కుడు మొక్కకు కొస తుంచి, తుంచిన చోట ఆక్సిన్ పూసి చూశారు. కొస లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. కొసకు వెళ్లే చక్కెర తగ్గి పక్క మొగ్గలకు అందడం కూడా వాటిని మేల్కొలిపే కారణమని 2014లో బఠాణీ మొక్కలపై జరిగిన పరిశోధన చూపింది. మనం కత్తెరతో చేసే పని రెండు విధాలా ఫలిస్తుంది: అణచే కొస తొలగుతుంది, మిగిలిన మొగ్గలకు ఆహారం దక్కుతుంది.

మల్లె ఆకులు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి. కనుక ఒక కొమ్మను ఆకుజంటకు పైన కోస్తే సాధారణంగా రెండు రెమ్మలు లేస్తాయి. ఒక కొసకు బదులు రెండు కొసలు! వేసవిలో కోయబోయే పూలకు పునాది ఈ లెక్కలోనే ఉన్నది.

లావెండరుతో పోలిక

బొమ్మల పుస్తకాలలో ఊదారంగు లావెండరు పొలాలు చూసి, ఆ మొక్కను మన పెరట్లో పెంచాలని ముచ్చటపడేవారున్నారు. అది మధ్యధరా ప్రాంతపు రాతి కొండల మొక్క. దానికి పొడిగాలి, నీరు నిలవని నేల, చలికాలపు చలి కావలెను. మన దేశంలో అది జమ్మూ ప్రాంతపు భదర్వా కొండలలో చక్కగా పండుతున్నది. కృష్ణా డెల్టా జిగట నల్లనేలలో, సముద్రపు తేమగాలిలో దాని వేళ్లు వానకాలం దాటడం కష్టం. పోయినదేమీ లేదు, లావెండరు సువాసనకు ముఖ్యమైన లినలూల్ అనే పదార్థం మల్లెపూవులోనూ ఉన్నది.

కత్తెర విషయంలో మాత్రం ఈ రెండింటికీ పెద్ద తేడా ఉన్నది. లావెండరును ఆకులేని ముదురు కొయ్యలోకి కోస్తే అది తరచు మళ్లీ చిగురించదు. మల్లె అలా కాదు. దాని పాత కొయ్యలో కూడా నిద్రాణపు మొగ్గలు ఉంటాయి. అందుచేతనే దానిని లోతుగా కోసినా భయం లేదు.

ఎప్పుడు కోయవలె?

మల్లె ప్రధానంగా ఫాల్గుణం నుంచి ఆషాఢం వరకు పూస్తుంది. కోసిన తరువాత రెమ్మ లేచి మొగ్గ తొడగడానికి సుమారు రెండున్నర, మూడు నెలలు పడుతుంది. మార్చిలో పూలు కావలెనంటే డిసెంబరు, జనవరి నెలలలో కోయవలెను. ఇతర చోట్ల నవంబరు చివరనే ఈ పని మొదలు పెడతారు. మన తీరంలో నవంబరు తుపానుల నెల. డిసెంబరు మొదట్లో కూడా వానలు పడవచ్చు. తడిలో కోసిన గాయాల నుంచి బూజు తెగుళ్లు ప్రవేశిస్తాయి. కనుక వానలు నిలిచి, ఆకాశం తెరపి ఇచ్చాక, డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి లోపల ముగించడం మేలు. ఏప్రిలులో కోస్తే పూసే కొసలనే తీసివేసినట్లవుతుంది.

సన్నజాజికి, కాగడామల్లెకు పూసే కాలాలు వేరు. వాటికి కూడా సూత్రం ఒక్కటే: పూత ముగిసిన తరువాత, తరువాతి పూతకు రెమ్మలు లేవకముందు కోయవలెను.

ఎలా కోయవలె?

కోతకు రెండు వారాల ముందు నీరు ఆపవలెను. మొక్క పెరుగుదల మందగించి ఆకు కొంత రాలుతుంది. పెద్ద తోటలలో ఈ అదనున గొర్రెలను మందకట్టి మిగిలిన ఆకు మేపించే రైతులున్నారు. పెరట్లో చేతితో దూసివేస్తే చాలు. కుండీలోని మొక్కకు అంత ఎండు పనికిరాదు. నాలుగైదు రోజులు నీరు తగ్గిస్తే సరిపోతుంది.

తరువాత ఎండిన, తెగులు పట్టిన, ఒకదానికొకటి రాసుకొనే కొమ్మలను మొదలంటా తీసివేయవలెను. మిగిలిన కొమ్మలను నేల నుంచి అడుగున్నర ఎత్తులో, కణుపుకు కాస్త పైన, పదునైన కత్తెరతో ఒక్క వేటున కోయవలెను. మొద్దు కత్తి కొమ్మను నలుపుతుంది. నలిగిన చోటు మానదు. నాటి ఏడాది దాటని మొక్కకు ఈ కోత వద్దు. కొసలు గిల్లితే చాలు. ఏళ్ల తరబడి కత్తెర చూడని పొదను ఒక్కసారిగా కోయడానికి జంకేవారు ఈ ఏడు సగం కొమ్మలు, వచ్చే ఏడు తక్కినవి కోయవచ్చు.

బొటనవ్రేలి లావుకు మించిన గాయాలకు బోర్డో ముద్ద పూయడం మంచిది. 100 గ్రాముల మైలతుత్తం అర లీటరు నీటిలోను, 100 గ్రాముల సున్నం వేరొక అర లీటరులోను కలిపి, ఆ రెండింటిని మూడవ పాత్రలోకి ఒకేసారి పోయవలెను. పాత్రలు మట్టివి గాని, ప్లాస్టిక్‌వి గాని కావలెను, ఇనుము పనికిరాదు. మెరుగైన చాకు మొనను ముంచి చూచినప్పుడు దానిపై రాగిపూత పడితే సున్నం చాలలేదన్నమాట. మైలతుత్తం విషం, పిల్లలకు అందకుండా దాచవలెను.

కోత అయిన నాలుగైదు రోజులకు మొదలు చుట్టూ వేళ్లు తెగకుండా పైపైన త్రవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు పది కిలోల వరకు వేసి, మట్టి కప్పి, అప్పుడు నీరు పెట్టవలెను. రెండు మూడు వారాలలో కణుపుల వద్ద ఎర్రని చిగుళ్లు కనిపిస్తాయి. మొదటి విడత పూత ముగిశాక పూసిన రెమ్మల కొసలను కొద్దిగా తుంచితే రెండవ విడత బలంగా వస్తుంది.

నల్లనేల, ఉప్పునీరు

కత్తెర ఒక్కటే చాలదు. మన ప్రాంతంలో మల్లెకు అసలు శత్రువులు రెండు: నిలవనీరు, ఉప్పు.

నల్లనేలలో గొయ్యి తీసి ఇసుక నింపి నాటితే ఆ గొయ్యి తొట్టిలా నీరు పట్టి ఉంచుతుంది. వేళ్లకు గాలి అందక మొక్క ఉక్కిరిబిక్కిరవుతుంది. దానికి బదులు అడుగెత్తు దిబ్బ పోసి దానిపై నాటడం ఉత్తమం.

తీరం దగ్గర నూతినీరు తరచు ఉప్పన. ఉప్పు పేరుకొన్న మట్టిలో నీరున్నా వేరు పీల్చలేదు. ద్రవాభిసరణం వల్ల నీరు తక్కువ ఉప్పున్న వైపు నుంచి ఎక్కువ ఉప్పున్న వైపుకు పోతుంది కదా! అప్పుడు ఆకుల అంచులు మాడుతాయి. నేలపై తెల్లని పొర తేలుతుంది. దివిసీమకు పులిగడ్డ అక్విడక్టు మీదుగా కృష్ణ కాలువనీరు వస్తుంది గాని, వేసవిలో కాలువలు కట్టేస్తారు. మల్లె పూసే రోజులు కూడా అవే. చెరువునీరు, బియ్యం కడిగిన నీరు దానికోసం మిగల్చవలెను. మొదట్లో గడ్డి గాని, ఎండుటాకు గాని పరిస్తే తడి నిలుస్తుంది, ఉప్పు పైకి తేలడం తగ్గుతుంది. బట్టలుతికిన సబ్బునీరు మాత్రం పారించరాదు. అందులోని సోడియం నేలను చౌడు చేస్తుంది. నూతి పక్క మల్లె నానాటికి క్షీణించడానికి ఇదొక కారణం.

చౌడునేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి, చల్లని వేళ ఆకులపై వారానికొకసారి రెండు మూడు మార్లు చల్లితే ఆకు పచ్చబడుతుంది.

ఉప్పెన తరువాత

1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం ముంచింది. వేల ప్రాణాలు పోయిన ఆ ఉప్పెనలలో చెట్టూచేమా సంగతి చిన్నదే. కాని బ్రతికినవారు ఇల్లు మళ్లీ కట్టుకొన్నాక పెరడూ కావలసివస్తుంది. ఉప్పునీరు ముంచిన మొక్కను చూసి చచ్చిందని వెంటనే పీకరాదు. మొదట నిలిచిన నీటిని కాలువ తీసి పంపివేయవలెను. మంచినీరు దొరకగానే ఆకులను కడిగి, మొదట్లో నిండుగా పోసి, ఉప్పు క్రిందికి దిగి బయటకు పోయే దారి చూపవలెను. మట్టి పరీక్షలో చౌడు తేలితే జిప్సం వేస్తే, అందులోని కాల్షియం సోడియంను తొలగిస్తుంది.

ఆ స్థితిలో తొందరపడి కత్తెర పట్టకూడదు. గోటితో బెరడు గీరి చూడవలెను. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. కొత్త చిగురు ఎక్కడ లేచిందో చూచి, దానికి పైనున్న ఎండు భాగాన్ని మాత్రమే కోయవలెను. ఏ కొమ్మ బ్రతికినదో మొక్కే చెబుతుంది.

ఈ సంక్రాంతి ముందు మీ పెరటి పొదను ఒకసారి పరీక్షించండి. కోసిన ఎండుకొమ్మలు భోగిమంటకు పనికివస్తాయి. మిగిలిన మొద్దును చూసి ఇంటివారు నొచ్చుకొంటే, ఉగాది దాకా ఓపిక పట్టమని చెప్పండి.