సొంతంగా పని చేసుకునేవారికి ప్రమాద బీమా: యజమాని లేనప్పుడు ఎవరిస్తారు?

మీరు పెయింటరో, ప్లంబరో, ఎలక్ట్రీషియనో. పైన యజమాని లేడు, కింద కూలీలు లేరు. ఇంటివాళ్లతో బేరం కుదుర్చుకుని, గుత్తకు ఒప్పుకుని మీరే పని చేస్తారు. నిచ్చెన మీంచి పడితే ఎలా?

"ఇంటి ఓనరే ఇవ్వాలి కదా సార్" అని చాలామంది అడుగుతుంటారు. మామూలుగా అలా రాదు. 1923 నాటి చట్టం నుంచీ మూలసూత్రం ఒకటే: పనిలో పెట్టుకున్న యజమాని తన కార్మికుడికి పరిహారం చెల్లించాలి. గుత్తకు ఒప్పుకున్న మీరు ఆ ఇంటివారి కార్మికుడు కారు. అదే ఓ కాంట్రాక్టరు దగ్గర రోజు కూలికి వెళ్లినప్పుడు ప్రమాదం జరిగితే మాత్రం రెండేళ్లలోపు పరిహారానికి దరఖాస్తు చేయవచ్చు. కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. ఏ రోజు ఎవరి దగ్గర పని చేశారో చిన్న పుస్తకంలో రాసుకుంటే అప్పుడు పనికొస్తుంది.

మిగతా రోజులకు మీ బీమా మీరే చూసుకోవాలి. అందరికీ అందుబాటులో ఉన్నది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వయసు, బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ఉంటే చాలు. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు లేదా రెండు చేతులు లేదా రెండు కాళ్లు పూర్తిగా పోయినా 2 లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో శాశ్వతంగా పోతే 1 లక్ష. కాలు విరిగి మూడు నెలలు మంచాన పడితే దీంట్లో ఏమీ రాదు, ఆసుపత్రి ఖర్చూ ఇవ్వరు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. గుండెపోటు వంటి సహజ మరణానికి కూడా వర్తించదు.

బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. డబ్బు ఖాతా నుంచి దానంతట అదే కట్ అవుతుంది. చాలామందికి దెబ్బ పడేది ఇక్కడే. ఆ సమయంలో ఖాతాలో 20 రూపాయలు లేక బీమా ఆగిపోతుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మే మూడో వారంలోనే ఓ వంద రూపాయలు వేసి ఉంచండి. కట్ అయిందో లేదో పాస్‌బుక్‌లో చూసుకోండి. రెండు ఖాతాల నుంచి కట్టినా వచ్చేది ఒక్క బీమానే.

ఇంకో పొరపాటు దుఃఖంలో జరిగేది. పోలీసులు, పోస్టుమార్టం ఎందుకులే అని ఇంటికి తీసుకెళ్లి అంత్యక్రియలు చేసేస్తారు. తర్వాత బ్యాంకుకు వెళితే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం అడుగుతారు. ప్రమాదం వల్లే చనిపోయారని చూపించే కాగితం లేకపోతే క్లెయిమ్ నిలబడటం కష్టం. అంగవైకల్యం అయితే సివిల్ సర్జన్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. క్లెయిమ్ ఫారం మీ బ్యాంకు శాఖలోనే ఇస్తారు, వీలైతే 30 రోజుల్లోపు ఇవ్వండి.

భవన నిర్మాణ పనుల్లో ఉన్నవారికి మరో దారి కూడా ఉంది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గత 12 నెలల్లో కనీసం 90 రోజులు ఆ పని చేసి ఉంటే నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. కార్డు గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకోవాలి.

ఈ రాత్రే నామినీగా ఎవరి పేరు ఉందో చూసి, పాస్‌బుక్ ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు చెప్పండి.