జిత్తులా, అనుకూలనమా? గోదావరి డెల్టాలో నక్క

పంచతంత్ర కథల నుండి చిన్నయసూరి నీతిచంద్రిక (1853) దాకా మన సాహిత్యం నక్కను జిత్తులమారిగానే చిత్రించింది. ఆ గుణాన్నే జీవశాస్త్రం అనుకూలనం అంటుంది. అమెరికా నగరాలలో స్థిరపడిన కయోటీకి దగ్గరి బంధువైన నక్క, గోదావరి డెల్టాలోనూ మనిషి పొరుగునే మనుగడ సాగిస్తోంది. కోరింగ మడ అడవులలో పీతలు, చేపలు, వరిచేలలో ఎలుకలు, ఊరి చివర మాంస వ్యర్థాలు దాని ఆహారం. జనసంచారం ఉన్నచోట అది రాత్రివేళల్లోనే తిరుగుతుంది.

‘నక్క తోక తొక్కాడు’ అన్న జాతీయం దానిని అదృష్టంతో ముడిపెట్టింది. అటువంటి విశ్వాసమే ‘నక్క కొమ్ము’ వ్యాపారానికి ఊతమై, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించిన వేటకు దారితీస్తోంది. వాస్తవానికి నక్కకు కొమ్ము ఉండదు. చేలలో ఎలుకలను అదుపుచేసి రైతుకు మేలుచేసే ఈ జీవికి ఆహారలేమి కంటే మన మూఢవిశ్వాసమే పెద్ద ముప్పు.