మెదడునకును మురుగు కాలువ కలదు

జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతము. ఆ చేరువనే పారు ఎర్రకాలువ వేసవిలో సన్నని నీటిపాయవలె కనిపించును. వానకాలమున ఎగువ కొండలలో గట్టి వాన కురిసినచో అదియే పొంగి, దిగువన తాడేపల్లిగూడెం, నిడదవోలు ప్రాంతముల వరిచేలను ముంచివేయును. ఆ నీరు యనమదుర్రు కాలువ గుండ సముద్రమును చేరవలెను. దారిలో పూడిక చేరినను, గుర్రపుడెక్క అల్లుకొన్నను చేలలోనే నిలిచిపోవును. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట ముగించి డెల్టాకు నీరు తెచ్చెను. ఆ నీటిని బయటికి పంపు చింత మాత్రము తరతరములుగ రైతును విడువలేదు. నీరు పెట్టుట ఎంత ముఖ్యమో, మురుగు తీయుటయు అంత ముఖ్యమని గోదావరి రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ మాటయే మెదడు విషయమునను నిజమని శాస్త్రజ్ఞులు గ్రహించి ఎంతో కాలము కాలేదు.

మన మెదడు శరీరపు బరువులో నూటికి 2 వంతులు మాత్రమే. అయినను శరీరము వాడు శక్తిలో సుమారు 20 వంతులు అదియే ఖర్చు పెట్టును. వంట ఎక్కువైన ఇంట చెత్తయు ఎక్కువ కాక తప్పదు. తక్కిన అవయవములలో కణముల నడుమ చేరు వ్యర్థములను శోషరస నాళములు కొనిపోవును. మెదడు కణజాలము లోపల అట్టి నాళములు లేవు. మరి ఆ చెత్త ఎటు పోవుచున్నది?

ఈ ప్రశ్నకు 2012లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయమున మైకెన్ నెడర్‌గార్డ్, జెఫ్రీ ఇలిఫ్ మొదలగువారు ఎలుకలపై పరిశోధించి ఒక సమాధానము చెప్పిరి. మెదడును చుట్టియుండు మస్తిష్క మేరు ద్రవము ధమనుల చుట్టునున్న సన్నని సందుల గుండ లోనికి దిగును. నక్షత్రాకారపు గ్లియా కణముల పాదములు ఆ నాళములను కప్పియుండును. ఆ పాదములందు అక్వాపోరిన్-4 అను ప్రొటీను నీటి తూములవలె పనిచేయును. అట్లు లోనికి చేరిన ద్రవము కణముల నడుమ వ్యర్థములను కలుపుకొని సిరల వెంబడి బయటపడును. గుండె కొట్టుకొన్నప్పుడెల్ల ధమని ఉబ్బి తగ్గుటయే దీనిని నడపు ముఖ్యమైన బలము. దీనికి గ్లింఫాటిక్ వ్యవస్థ అని పేరు పెట్టిరి. మెదడు పొరలలో శోషరస నాళములున్న సంగతి 2015లో స్పష్టమైనది. పెద్దవారిలో ఈ ద్రవము ఏ వేళనైనను సుమారు 150 మిల్లీలీటర్లే యుండును. దినమునకు దాదాపు 500 మిల్లీలీటర్లు క్రొత్తగా ఊరుచుండును.

ఇట్లు పోవలసిన చెత్తలో బీటా అమిలాయిడ్ అను ప్రొటీను ఒకటి. 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ ఒక రోగిణి మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి వర్ణించిన గడ్డలలోని పదార్థము ఇదియే.

నిద్రించు ఎలుకలలో కణముల నడుమ ఖాళీ సుమారు 60 శాతము పెరిగి, శుభ్రత త్వరగా జరుగుచున్నదని 2013లో అదే బృందము ప్రకటించెను. లండనులోని మరియొక బృందము 2024లో ఇందుకు విరుద్ధమైన ఫలితములు వెల్లడించెను. వాదము ఇంకను ముగియలేదు. శాస్త్రమనగా ఇట్లే నడచునని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

ఇక మధుమేహము సంగతి. మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనము తెలిపెను. మధుమేహము గలవారికి డిమెన్షియా, అనగా బుద్ధిక్షీణత, కలుగు అవకాశము దాదాపు రెట్టింపని నెదర్లాండ్స్ దేశపు రాటర్‌డామ్ నగరమున జరిగిన అధ్యయనము 1999లోనే చూపెను. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో సన్నని నాళముల గోడలు చెడి, ధమనులు బిరుసెక్కును. పంట కాలువ చెడుట ఇది. మురుగు కాలువయు చెడుచున్నదా? 2017లో డెట్రాయిట్ పరిశోధకులు మధుమేహము గల ఎలుకలలో మెదడు ద్రవము బయటికి పోవుట మందగించినదనియు, ఆ మందగింపునకును మతి తగ్గుటకును సంబంధము కనిపించినదనియు చూపిరి. మనుష్యులలో ఇట్టి సూచనలు స్కానింగులలో కనిపించుచున్నను అవి పరోక్షమైన కొలతలే.

ఇన్సులినును విరిచివేయు ఎంజైమే అమిలాయిడ్‌ను కూడ విరుచును. ఒంటిలో ఇన్సులిను మితిమీరినచో ఆ పనివానికి తీరిక చిక్కక అమిలాయిడ్ మిగిలిపోవునేమోయని కొందరి ఊహ.

ఇదంతయు మన కేల? ఒక దృశ్యము ఊహింపుడు. సంతలో పాత శిష్యుడు వంగి నమస్కరించును. రిటైరైన మాస్టరుగారు చిరునవ్వు నవ్వుదురు గాని, పేరు తోచదు. మరునాడు తమ వీధియే మరచి నిలిచిపోవుదురు. "వయసు మీద పడినది, పోనిండు" అని ఇంటివారు సరిపెట్టుకొందురు. ఆ సరిపెట్టుకొనుటయే ప్రమాదము. పేరు మరచిన వారందరికిని డిమెన్షియా యుండదు. కాని బి-12 విటమిను లోపము, థైరాయిడు లోపము, మందు ఎక్కువై చక్కెర పడిపోవుట, ఇవియు మతిని మందగింపజేయును. చికిత్సతో ఇవి చాలవరకు చక్కబడును. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏండ్ల తరబడి వాడినచో బి-12 తగ్గవచ్చును. కనుక పరీక్ష చేయించుకొనకుండ తీర్పు చెప్పరాదు.

మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు 7 గురు డిమెన్షియాతో నున్నారని 2023 నాటి అంచనా. దీనికి మూలమగు పద్నాలుగు కారణములను చక్కదిద్దినచో సగమునకు కొంచెము తక్కువ కేసులను నివారించుటయో వాయిదా వేయుటయో సాధ్యమని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘము తెల్పెను. ఆ జాబితాలో మధుమేహము కలదు, రక్తపు పోటు కలదు, బాల్యమున చదువు లేకపోవుటయు కలదు.

చదువునకు ఇందేమి పని యందురా? హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి బృందము 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించెను. రెండు భాషలు మాటాడువారికి ఆ వ్యాధి నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగ మొదలైనది. అక్షరాస్యత లేనివారిలోను ఈ తేడా కనిపించెను. భాష మురుగును తీయదు. గట్టును ఎత్తు చేయును. గట్టు ఎత్తైన చేను వరదకు కొంత తాళును.

కావున ఉపాధ్యాయులు చేయదగిన పనులు రెండు. తమ చక్కెరను, రక్తపు పోటును, నిద్రను నడివయసునుండియే కనిపెట్టుకొనవలెను. ముంపు వచ్చిన పిదప కాలువ త్రవ్వినచో ఆ పంట దక్కదు. రెండవది, వారు దినదినము చేయుచున్నదే: బడి మానబోవు పిల్లవానిని బడిలో నిలుపుట. అరువదేండ్ల తరువాత ఆ పిల్లవానికి తన వీధి గుర్తుండుటలో ఈ పనికిని వంతు ఉండవచ్చును.