చెరువు కట్ట మీద ఢిల్లీ ఓటు

ఎన్నికల కాలంలో పత్రికలకు నాయకుల ప్రసంగాలు కావాలి, టీవీలకు హెలికాప్టర్లు కావాలి. కూలిజనం నోట ఆ రోజుల్లో ఏం నడిచిందో ఎవరికీ అక్కరలేదు. వాళ్ళు గొణిగింది, సణిగింది, ఒకరినొకరు ఎకసెక్కం చేసుకున్నది మర్నాటికి గాలికి పోతుంది. 2024 పార్లమెంటు ఎన్నికలప్పుడు సంఘం పనిమీద పల్నాడు, ప్రకాశం పల్లెల్లో తిరుగుతూ విన్న అలాంటి మాటలే ఇవి. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2025 డిసెంబరులో పార్లమెంటులో జరిగిన ఒక పనికీ, ఆనాటి ఈ సణుగుడుకూ దగ్గర సంబంధం వున్నది.

2024 మే 13న మన రాష్ట్రంలో ప్రతి ఓటరూ రెండు ఓట్లు వేశాడు. తెల్ల కాగితం మిషను పార్లమెంటుది, గులాబీ రంగు కాగితం మిషను అసెంబ్లీది. కాని మార్చి 16న షెడ్యూలు వచ్చినప్పటి నుంచి మైకులు మూగబోయేదాకా వూళ్ళలో నడిచిందంతా గులాబీ కాగితం గొడవే. జగనా, చంద్రబాబా? అంతే. పార్లమెంటు అభ్యర్థి ప్రచార బండి మీద అసెంబ్లీ అభ్యర్థి పక్కన నిలబడి చెయ్యి వూపేవాడు. ఆయన పేరేమిటని చెరువు పనిలో వున్న నలభై మందిని అడిగితే ముగ్గురో నలుగురో చెప్పగలిగారు. “పేరుతో పనేందన్నా, ఒక గుద్దు గుద్దినోళ్ళం రెండోది గుద్దలేమా?” అన్నాడొక కుర్రాడు.

ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పని ముమ్మరంగా వుంటుంది. మిరపకోతలు అయిపోయి పొలంలో పని దొరకని కాలం. తెల్లారి ఆరింటికల్లా పలుగు, పార, తట్ట పట్టుకుని చెరువులో దిగుతారు. ఎండ ముదిరేలోగా గట్టెక్కాలి. పూడిక తీస్తూ, తుమ్మచెట్టు కింద క్యారేజీ మూత తీసి కూర్చుని వాళ్ళు మాట్లాడుకున్న రాజకీయం ఏ సభలోనూ వినపడలేదు.

ఆ ఏడు మార్చి నెలాఖరులో, సరిగ్గా ఎన్నికల ముందు, హామీ కూలి రేటు 272 నుంచి 300 చేశారు. ఆ మాట నేను చెబితే నడివయసు ఆమె ఒకరు పార దించి, “ఆ మూడొందలు ఏ చేత్తో ఇచ్చారు, ఏ చేత్తో పుచ్చుకున్నామన్నా?” అంది. కొలతలు వేసి కూలి కడతారు గనక గట్టి నేల తగిలిన వారం రేటు బాగా పడిపోయేది. పక్కామె అందుకుంది: “నా పుస్తకంలో మూడొందలు పడిన రోజున నేనే మోడీకి హారతి పడతా. కర్పూరం కొనుక్కునే పని లేదులే, ఆ రోజు రాదు.”

ఇక ఫోటోలు. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండు ఫోటోలు తీసి సెల్లులో ఎక్కిస్తేనే హాజరు. రెండో ఫోటో మొదటిదానికి నాలుగు గంటల తర్వాత గాని తీయకూడదు. పని ముగిసినా ఆ ఫోటో కోసం ఎండలో కూర్చోవాలి. సిగ్నలు అందకపోతే మేటు సెల్లు పైకెత్తి కట్ట మీద అటూ ఇటూ తిరిగేది. ఆమెను చూసి ఒకాయన, “నాయకుడు అయిదేళ్ళకోసారి మొహం చూపిస్తే సరిపోద్ది. మనం రోజుకు రెండుసార్లు చూపించినా మనమేనో కాదో అని వాళ్ళకు అనుమానం” అన్నాడు. చెరువంతా నవ్వింది. ఆ నవ్వులో మేటు కూడా కలిసింది.

2024 జనవరి 1 నుంచి హామీ కూలి చెల్లింపును ఆధారుతో ముడిపెట్టారు. పేరులో ఒక అక్షరం తేడా వస్తే డబ్బు ఆగేది. డబ్బు పడినా తీసుకునే చోట వేలిముద్ర పడాలి. మట్టి పని చేసి అరిగిపోయిన వేళ్ళకు ముద్ర ఎక్కడినుంచి వస్తుంది? ఒక ముసలాయన కుడిచేతి వేలు చూపించి, “ఇది కూలి డబ్బులకు పనికిరాదంట. ఎడమది మాత్రం సిరా పూయించుకోడానికి బానే వుందంట” అన్నాడు.

కూలి రేటు, ఫోటో, ఆధారు. ఈ మూడూ ఢిల్లీలో నిర్ణయమైనవే, తెల్ల కాగితం సంగతులే. అయినా జనం తిట్టింది ఎవరిని? ఫీల్డ్ అసిస్టెంటును, మేటును, సర్పంచిని. కంటికి కనపడే మనిషి దగ్గరే కోపం ఆగిపోతుంది. ఢిల్లీలో కూర్చున్నవాడికి ఇంతకన్న ఏం కావాలి?

గ్యాసు బండ సంగతి చూడండి. 2023 ఆగస్టు చివర 200 తగ్గించారు. 2024 మార్చి 8న మహిళా దినం పేరు చెప్పి మరో 100 తగ్గించారు. వారం తిరగకముందే పెట్రోలు మీద రెండు రూపాయలు తగ్గించారు. “ఏడాదికోసారి ఓట్లు పెట్టించన్నా, బండ వూరికే వచ్చుద్ది” అని ఒక వదిన నాకే పని పురమాయించింది. ఓట్లయిన మర్నాడే పెంచుతారని ఇంకొకామె పందెం కట్టింది. మర్నాడు కాదు గాని, 2025 ఏప్రిల్‌లో 50 పెంచారు. పందెం ఆమె గెలిచినట్టే.

బియ్యం మీద అసలైన తగువే నడిచింది. 2024 జనవరి నుంచి అయిదేళ్ళపాటు మనిషికి అయిదు కిలోలు వుచితమని కేంద్రం చెప్పింది. వూళ్ళోకి బియ్యం తెచ్చే బండి మీద వున్నది జగన్ బొమ్మ. కమలం వాళ్ళు అవి మోడీ బియ్యమంటే, ఫ్యాను వాళ్ళు జగనన్న బియ్యమన్నారు. టీ కొట్టు దగ్గర ఇద్దరు యువకులు ఈ విషయం మీద చొక్కాలు పట్టుకోబోతుంటే ఒక పెద్దాయన అడ్డం పోయి, “నాటేసింది మా ఆడోళ్ళు, కోసింది మేం. బియ్యం మటుకు వాళ్ళిద్దరివీనా? టీ తాగండ్రా” అన్నాడు.

అన్నిటికంటే ఎక్కువ మాటలు నడిచింది మాత్రం పింఛను మీద. మార్చి 30న ఎన్నికల కమిషను వాలంటీర్లను పంపిణీకి దూరంగా పెట్టమన్నది. దానితో ఏప్రిల్ 3 నుంచి ముసలివాళ్ళు సచివాలయాల దగ్గరకు రావలసి వచ్చింది. మే నెలలో బ్యాంకు ఖాతాల్లో వేశారు. అక్కడ ఇంకో జాతర. నువ్వు ఆపించావంటే నువ్వు ఆపించావని రెండు పెద్ద పార్టీలూ మైకుల్లో దెబ్బలాడుకున్నాయి. చేతికర్రతో వచ్చిన ఒక అవ్వ సచివాలయం అరుగు మీద కూలబడి, “మా ఎండ మీద కూడా ఓట్లు కాయిస్తన్నారు గదరా” అన్నది. ఒక్క మాటలో ఆ నెల రాజకీయమంతా వచ్చేసింది.

అప్పటికి పింఛను 3,000. కూటమి వాళ్ళు 4,000 అన్నారు, ఏప్రిల్ నుంచే లెక్క గడతామన్నారు, జులై 1న మూడు నెలల తేడాతో కలిపి 7,000 ఇచ్చారు కూడా. ఇచ్చింది ఇచ్చారని చెప్పాలి. అయితే ఈ వేలల్లో ఢిల్లీ వాటా ఎంత? 60 నుంచి 79 ఏళ్ళ ముసలివాళ్ళకు కేంద్రం లెక్క నెలకు 200 రూపాయలు. 80 దాటితే 500. ఆ 200 అప్పటికి పదేళ్ళకు పైగా ఒక్క రూపాయి పెరగలేదు. అది కూడా కేంద్రం పెట్టుకున్న లెక్కలోకి వచ్చే కొద్దిమందికే. ఈ సంగతి చెబితే ఆ అవ్వ మొదట నమ్మలేదు. “నెలకా? ఢిల్లీ అంటే పెద్దది గదా నాయనా, రెండొందలేనా?” అని రెండుసార్లు అడిగింది. ఆ ఎన్నికల్లో నేను తిరిగిన ఒక్క వూళ్ళో కూడా, ఒక్క పార్టీ మైకులో కూడా ఆ 200 మాట వినపడలేదు.

భూమి హక్కుల చట్టం మీద మైకులు చాలా అరిచాయి. 2024 జులైలో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. మా వాళ్ళకు ఆ గొడవ తమాషాగా వుండేది. “సెంటు లేనోడికి ఏ చట్టమైతే ఏంది? నన్ను దోచుకునే దొంగ ఇంకా పుట్టలేదు” అని ఒకడు కాలరెగరేశాడు. కౌలు రైతులు మాత్రం నవ్వలేదు. ఢిల్లీ ఇచ్చే ఏడాదికి ఆరు వేల కిసాన్ డబ్బు పట్టా వున్న ఆసామి ఖాతాకే పోయింది. ఆసామి హైదరాబాదులో వుంటాడు. పురుగుమందు అప్పు కౌలుదారు పేరున వుంటుంది.

సభలకు జనాన్ని తోలే విషయం అందరికీ తెలిసిందే. లారీ ఎక్కితే కూలి, పొట్లం, మగవాళ్ళకు సీసా. “ఇక్కడ మట్టి తవ్వితే కొలత, అక్కడ చప్పట్లు కొడితే కొలత లేదు” అని లెక్క చెప్పిందొకామె. ఉదయం ఒక జెండాకు, సాయంత్రం ఇంకో జెండాకు పోయి వచ్చిన వాళ్ళను నేనెరుగుదును. దీన్ని నీతి తప్పడమని పట్నం వాళ్ళు రాస్తుంటారు. పని లేని రోజున దొరికిన కూలి అది. వాళ్ళ నీతి సంగతి అడిగే ముందు లారీ ఎవరిదో అడగాలి. పార్లమెంటు అభ్యర్థి ఖర్చు 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటగూడదని నిబంధన అని చెప్పినప్పుడు చెట్టు కింద లేచిన నవ్వు ఏ హాస్యగాడికీ దొరకదు. “ఏ వూళ్ళోనన్నా? మన వూళ్ళోనా?” అన్నారు.

నన్నూ వదల్లేదు. “నీ మాటలు బానే వుంటాయన్నా. మా వైపు పార్లమెంటుకు నీ జెండాయే లేదు గదా, ఎవడికి గుద్దమంటావు?” అన్నాడొకడు. నిజమే. ఆ ఎన్నికల్లో సీపీఐ గుంటూరు, సీపీఎం అరకు పార్లమెంటు స్థానాలకే పోటీ చేశాయి. నేను చెప్పింది ఇంతే: 2004లో వామపక్షాలకు పార్లమెంటులో అరవై మంది దాకా వున్నారు, 2005లో ఈ హామీ చట్టం వచ్చింది; మొదటి పని 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. “అంటే తెల్ల కాగితానికి అంత కత వుందా?” అన్నాడతను.

కత వుంది. తెలుగువాళ్ళ ఢిల్లీ ఓటు ఎప్పుడూ సొంత దారిలోనే నడిచింది. 1977లో ఉత్తరాదిన ఇందిరమ్మ కొట్టుకుపోతే ఇక్కడ 42 సీట్లలో 41 కాంగ్రెసుకు పోయాయి. నంద్యాలలో సంజీవరెడ్డి ఒక్కడే జనతా తరఫున గెలిచాడు. 1984లో దేశమంతా కాంగ్రెసైతే ఇక్కడ తెలుగుదేశం 30 గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. 2024 జూన్ 4న ఏమైంది? ప్రభుత్వానికి 272 కావాలి. బీజేపీకి వచ్చింది 240. మన రాష్ట్రంలోని 25 స్థానాల్లో తెలుగుదేశానికి 16, జనసేనకు 2, బీజేపీకి 3. ఎవరూ మాట్లాడని, ఎవరూ పేరు అడగని ఆ తెల్ల కాగితం ఓటే ఢిల్లీ గద్దె కింద కోడై నిలబడింది.

ఆ ఓట్లకోసం పోలింగు రోజున, మర్నాడు పల్నాడులో తలలు పగిలాయి, 144 సెక్షను పెట్టారు. పగిలినవి ఎవరి తలలు? “వాళ్ళు రేపు పెళ్ళిలో ఒకే బంతిలో కూర్చుంటారు. మనం మటుకు కోర్టు వాయిదాలకు ఒకే బస్సులో పోతాం” అన్నాడొక కట్టు కట్టించుకున్న కుర్రాడు.

ఇప్పుడు 2025 డిసెంబరుకు వద్దాం. 2005 నాటి హామీ చట్టాన్ని తీసేసి దాని స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. గాంధీ పేరు పోయింది. 100 రోజులను 125 చేశామన్నారు. కాని పాత చట్టంలో మట్టిపని కూలి మొత్తం కేంద్రమే భరించేది. కొత్తదానిలో ఖర్చులో 40 వంతులు రాష్ట్రం మీద పెట్టారు. అప్పుల్లో వున్న రాష్ట్రం ఆ 40 తెస్తేనే 125. అన్నిటికంటే మెలిక ఇంకోటి వున్నది. విత్తులు, కోతల కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు ఈ పనులు పెట్టకుండా ఆపేందుకు చట్టంలోనే రాశారు. నాట్ల కాలంలో, మిరపకోతల కాలంలో “ఇంత ఇస్తేనే వస్తాం” అని మా ఆడవాళ్ళు ఆసామితో బేరమాడగలిగింది హామీ పని వెనక వుండబట్టే. ఆ 60 రోజులు అది ఆగిపోతే ఆసామి చెప్పిందే కూలి. ఈ మాట 2024లో ఏ మైకూ చెప్పలేదు.

ఒక వూళ్ళో ఈ సంగతులు చెబుతూ, చట్టం మూజువాణి ఓటుతో గట్టెక్కిందన్నాను. మూజువాణి అంటే ఏందని అడిగారు. మిషను గుద్దడం, చేతులు లెక్కపెట్టడం లేకుండా నోటితో అవునని అరిస్తే సరిపోతుందన్నాను. “నోటితోనా? మాకు మిషను పెట్టి, వేలికి సిరా పూసి, వాళ్ళు నోటితోనా?” అన్నది హారతి పడతానన్న ఆమె.

తర్వాత అక్కడే కూర్చుని ఎంపీగారికి కాగితం రాశారు. నలభై వంతులు ఎవరిస్తారు, అరవై రోజులు ఏ నెలల్లో ఆపుతారు, పాత కూలి బాకీలు ఏమవుతాయి అని మూడు ప్రశ్నలు. మొదటి రెండూ ఆడవాళ్ళు చెప్పినవే. సంతకాలు వచ్చినవాళ్ళు సంతకాలు చేశారు, మిగతావాళ్ళు వేలిముద్రలు వేశారు. ఎంపీగారు ఈ వైపు ఎప్పుడు వస్తారో కనుక్కునే పని నాకు పెట్టారు. నేనింకా కనుక్కుంటూనే వున్నాను.