కాలరు ఎలా పెట్టమంటారు?

కొలతలన్నీ వ్రాసుకొన్న తరువాత దర్జీ పెన్సిలు చెవిపైన దోపుకొని, "కాలరు ఎలా పెట్టమంటారండీ?" అని అడుగుతాడు. "మామూలుగానే పెట్టండి" అంటాడు గుడ్డ తెచ్చిన పెద్దమనిషి. కుమారుని మొదటి ఉద్యోగానికో, పెళ్ళికో ఏరి కోరి కొన్న గుడ్డ భవితవ్యం ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. దర్జీ దృష్టిలో మామూలు అంటే ఆ నెల దుకాణంలో అందరికీ కత్తిరిస్తున్న నమూనా. అది ఆ అబ్బాయి మెడను చూసి గీసినది కాదు.

రెడీమేడ్ చొక్కాను కాదని కుట్టించుకొనేవారు ఆశించే సౌఖ్యం చాలావరకు మెడ దగ్గర, మణికట్టు దగ్గరే ఉన్నది. నడుము వద్ద రెండంగుళాలు వదులైనా సర్దుకుపోవచ్చు; కాలరు అర అంగుళం బిగిసిందంటే సాయంత్రం వరకు ప్రాణం విసుగెత్తిపోతుంది. పైగుండీ పెట్టుకొన్నాక లోపల రెండు వ్రేళ్ళు దూరాలి.

మెడ పొట్టిగా ఉన్నవారు కాలరును నిలబెట్టే పట్టీ ఎత్తు తగ్గించమని అడగాలి. లేకుంటే అది గడ్డం క్రింద ఒరుసుకొంటుంది. పొడవైన మెడకు అదే పట్టీ కాస్త ఎత్తుగా ఉంటే అందం. గుండ్రని ముఖానికి కొనలు పొడవుగా క్రిందికి దిగిన కాలరు, కోలముఖానికి కొనలు ఎడంగా విచ్చుకొన్న కాలరు నప్పుతాయి. టై ముడి లావుగా వేసుకొనేవారికీ ఈ ఎడం అవసరమే. ఇక ఫ్యాషన్ సంగతి: 1970లలో సినిమా కథానాయకులను చూసి భుజాలవైపు చాచిన కాలర్లు కుట్టించుకొన్నవారు ఆనాటి ఫోటోలను మనుమలకు చూపడానికి నేడు కొంచెం జంకుతారు!

కొనలకు గుండీలు పెట్టే కాలరు పుట్టింది మాత్రం అవసరం నుండే. ఇంగ్లండులో పోలో ఆటగాళ్ళు గాలికి కాలరు ముఖాన కొట్టుకోకుండా గుండీలతో బిగించుకోవడం గమనించి, అమెరికాలోని బ్రూక్స్ బ్రదర్స్ సంస్థ 1896లో దానిని చొక్కాలకు తెచ్చిందని చెబుతారు.

మణికట్టు పట్టీని, అంటే కఫ్‌ను, చాలామంది పట్టించుకోరు. రెండుగా మడిచి లింకులు పెట్టే కఫ్ విందులకు హుందాగా ఉంటుంది. రోజంతా బల్లమీద వ్రాసేవారికి అది అడ్డం. వారికి ఒంటిపొర కఫ్ మేలు. గడియారం పెట్టుకొనే చేతికి కఫ్ చుట్టుకొలత పావు అంగుళం పెంచమనాలి. చేతి పొడవును మోచెయ్యి కొద్దిగా వంచి కొలిపించుకోవాలి. చెయ్యి చాచి కొలిపిస్తే, తరువాత సైకిలు హ్యాండిలు పట్టుకోగానే కఫ్ పైకి ఎగబ్రాకుతుంది.

నూలుగుడ్డను కత్తిరించక ముందే ఒక రాత్రి నానబెట్టి ఆరవేయడం మరువరాదు. కాలరు లోపల వేసే బక్రంను కూడా తడిపి ఆరబెట్టమనాలి. గుడ్డ ముడుచుకొని బక్రం ముడుచుకోకపోతే, లేదా జిగురుతో అతికించిన బక్రం ఊడివస్తే, కాలరుపై పొక్కులు లేస్తాయి. వాటిని ఏ ఇస్త్రీపెట్టె అణచలేదు.

చొక్కాలో ముందుగా మాసేదీ చిరిగేదీ కాలరే. అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో హానా మాంటేగ్ అనే గృహిణి, భర్త చొక్కాలు కాలరు దగ్గర మాత్రమే మాసిపోవడం చూసి, 1827లో కాలరును కత్తిరించి విడిగా ఉతికి మళ్ళీ కుట్టిందని ప్రసిద్ధి. విడి కాలర్ల పరిశ్రమకు ఆ పట్టణం తరువాత పెట్టింది పేరయింది. మన ఇళ్ళలో మార్గం వేరు: మడత దగ్గర పీచులు లేచిన కాలరును దర్జీ చేత విప్పించి, తిరగవేసి కుట్టించేవారు. ఈ విద్య తెలిసిన దర్జీ దొరకడం నేడు కష్టం. అందుచేత పావు మీటరు గుడ్డ ఎక్కువ కొని, మరొక కాలరు అప్పుడే కత్తిరించి ఇమ్మనడం తెలివైన పని. అయితే ఆ ముక్కను కూడా చొక్కాతోపాటు ఉతుకుతూ ఉండాలి. లేకపోతే రెండేళ్ళ తరువాత వెలిసిన చొక్కాకు కొత్త రంగు కాలరు అతుకులా కనబడుతుంది.

చివరిగా, కాజాలు తీయకముందే ఒకసారి తొడిగి చూడాలి. మెడ దగ్గర, మణికట్టు దగ్గర గుండీ ఎక్కడ పడాలో అప్పుడైతే సుద్దముక్కతో గుర్తుపెట్టవచ్చు. కాజాకు కోత పడిన తరువాత దానిని జరపడం ఏ దర్జీ వల్లా కాదు.