దుప్పటి మడతలో అమ్మ
పోయినవాళ్లను ఐర్లండ్ కవులు తలచుకునే తీరే వేరు. అక్కడ కన్నీళ్లకన్నా ఇంటి పనులే ఎక్కువ కనిపిస్తాయి.

2013 ఆగస్టు 30. డబ్లిన్ ఆసుపత్రిలో ఉన్న కవి షేమస్ హీనీ, భార్యకు ఫోన్‌లో మెసేజ్ పెట్టారు. లాటిన్‌లో రెండే మాటలు. భయపడకు అని అర్థం. కాసేపటికే ఆయన కన్నుమూశారు. అంత్యక్రియల్లో కొడుకు చెబితేగానీ ఆ సంగతి లోకానికి తెలియలేదు. అంత్యక్రియల ముందురోజే డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో గేలిక్ ఫుట్‌బాల్ చూడ్డానికి వచ్చిన 80,000 మంది ఆయన కోసం చప్పట్లు కొట్టారు. కవి పోతే ఆటల మైదానం కూడా ఆగి తలచుకునే దేశం అది.

బకెట్ పక్కన ఇద్దరు

1995లో నోబెల్ అందుకున్న హీనీ, డెర్రీ కౌంటీలో రైతు బిడ్డ. 1984లో తల్లి పోతే ఆమె మీద ఎనిమిది చిన్న కవితలు (సానెట్లు) రాశారు. ఒకదాంట్లో ఇంట్లో వాళ్లంతా చర్చికి వెళ్తే, తల్లీ కొడుకూ బకెట్ దగ్గర కూచుని బంగాళాదుంపల చెక్కు తీస్తుంటారు. మాటల్లేవు. దుంప నీళ్లలో పడ్డప్పుడల్లా చిన్న చప్పుడు, అంతే. ఏళ్ల తర్వాత ఆమె ఆఖరి ఘడియల్లో ఫాదర్ ప్రార్థన చదువుతుంటే, కొడుక్కి గుర్తొచ్చింది ఆ బకెట్టే.

ఇంకోదాంట్లో పిండి బస్తాల గుడ్డతో కుట్టిన దుప్పటి. ఆరిన దుప్పటిని చెరో కొసా పట్టుకుని లాగుతారు, దులుపుతారు, మడతకని దగ్గరికొస్తారు. చేతులు తగిలీ తగలగానే మళ్లీ వెనక్కి. చదువుకున్న కొడుకు ముందు ఆ తల్లికి మాట తడబడేది. ఆమెను నొప్పించకూడదని ఆయనా కావాలనే తప్పుల భాష మాట్లాడేవారు. ఆ చనువూ ఆ ఎడమూ రెండూ ఆ మడతలో ఉన్నాయి.

21 పూలు

హీనీ స్నేహితుడు డెరెక్ మాన్ మరణాన్ని దాచకుండానే ధైర్యం చెప్పిన కవి. 2020 మార్చిలో, కరోనా మొదలైన రోజుల్లో, ఆయన తన కవిత చదువుతుండగా ఐర్లండ్ టీవీ రాత్రి వార్తలు ముగించింది. అదే ఏడాది అక్టోబరులో ఆయనా వెళ్లిపోయారు.

ఆ తరంలో మరొకరు మైకేల్ లాంగ్లీ, 2025 జనవరిలో పోయారు. బెల్‌ఫాస్ట్ గొడవల కాలంలో, ఆయన కూతురు ఐస్‌క్రీం కొనుక్కునే దుకాణంలో ఉండే మనిషిని కాల్చి చంపారు. ఆ పిల్ల దుకాణం బయట పూలు పెట్టింది. తండ్రి రాసిన చిన్న కవితలో హంతకుల మీద తిట్టు లేదు. బరెన్ రాతినేలలో ఒక్కరోజులో తాను చూసిన 21 అడవిపూల పేర్లు ఉన్నాయి.

కొన్నాళ్లకు ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. కింద పేరు లేదు. ‘ఐస్‌క్రీం మనిషి తల్లి’ అని సంతకం.