తెల్ల టీషర్టు తెల్లగా నిలవాలంటే

సెలవు బైబిలు పాఠశాల ముగింపు దినమున పిల్లలందరూ ఒకే రకం తెల్లని టీషర్టులు వేసుకొని వరుసగా నిలబడితే చూడడానికి ఎంత ముచ్చటగా ఉంటుంది! ముందు వైపున రంగుల బొమ్మ, దాని క్రింద పెద్ద అక్షరాలు. ఆ ఒక్క చొక్కా కోసమే మే నెల ఎండను లెక్కచేయక వచ్చే పిల్లలున్నారు. మా రెండవవాడు అలాంటివాడే. వాడికి అది పండుగ బట్ట.

ఆ సాయంకాలం వాడు విప్పి ఇచ్చిన చొక్కాను నేను ఉతకకుండానే మడిచి పెట్టెలో పెట్టాను. ఒక్క పూటే కదా వేసుకున్నాడు, మాసిపోలేదు అనుకున్నాను. రెండు నెలల తరువాత ఒక శనివారం వాడు అడిగితే తీసి చూశాను. రెండు చంకల దగ్గర, మెడ పట్టీ చుట్టూ పసుపు మరకలు! కంగారుపడి బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళలో ముంచాను. బండమీద నాలుగు బాదులు బాదాను. మరకలు పోలేదు సరికదా, ఇంకా ముదిరాయి. బొమ్మ పగుళ్ళు వచ్చింది. మరునాడు వాడు ఆ చొక్కానే వేసుకొని, రెండు చేతులూ పక్కలకు అదిమిపెట్టుకొని ఆరాధనలో కూర్చున్నాడు. చప్పట్లు కొట్టేటప్పుడు కూడా మోచేతులు ఎత్తలేదు. అది చూసి నా మనసు చివుక్కుమంది.

మా వీధిలో ఎన్నో ఏండ్లుగా బట్టలు ఉతుకుతున్న ఒక పెద్దామెకు ఆ చొక్కా చూపించాను. "పెద్దమ్మా, ఇది పోతుందా?" అని అడిగితే, ఆమె మరకను వేలితో రుద్ది చూసి, "అమ్మగారూ, చెమట తడితో పెట్టెలో పెట్టి ఎన్నాళ్ళయింది?" అన్నది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఒక్క ప్రశ్నతో నాకు అర్థమైంది. ఆ తరువాత అడిగి, చదివి, చేసి చూసి తెలుసుకొన్న సంగతులు తోటి గృహిణులకు ఉపయోగపడతాయని వ్రాస్తున్నాను.

పసుపు ఎక్కడ నుండి వస్తుంది?

మన చెమట చాలావరకు నీరే. కాని దానిలో కొంత ఉప్పు, కొద్దిగా మాంసకృత్తులు ఉంటాయి. దానితోపాటు చర్మము నుండి ఊరే జిడ్డు కూడా బట్టకు అంటుతుంది. అంటిన రోజున ఆ జిడ్డు కంటికి కనబడదు. బట్ట తెల్లగానే ఉంటుంది. అందుకే మనం మోసపోతాము. రోజులు గడిచేకొద్దీ ఆ జిడ్డు గాలి తగిలి మారిపోయి పసుపు రంగుకు తిరుగుతుంది. పెట్టెలోని వేడి, ఇస్త్రీ వేడి దానిని ఇంకా త్వరపెడతాయి. తలకు రాసుకునే నూనె మెడ పట్టీకి అంటితే అక్కడా ఇదే జరుగుతుంది. దిండు గలీబులు పచ్చబడడానికి కూడా ఇదే కారణము.

కాలేజీకి వెళ్ళే పిల్లలు చంకలకు రాసుకునే మందులు కొన్ని ఉన్నాయి. వాటిలో చెమటను ఆపే రకానికి అల్యూమినియం లవణాలు కలుపుతారు. ఆ లవణాలు చెమటతో, జిడ్డుతో కలిసి బట్టను పచ్చగా, బిరుసుగా చేస్తాయి. అలాంటిది వాడేవారు కొద్దిగానే రాసుకొని, పూర్తిగా ఆరిన తరువాతనే చొక్కా వేసుకోవాలి.

ఇక కూర మరక సంగతి వేరు. పసుపు కలిసిన కూర తెల్లబట్టపై పడినప్పుడు సబ్బు రాయగానే అది ఎర్రగా మారుతుంది. కొత్త కోడళ్ళు దాన్ని చూసి హడలిపోతారు. సబ్బులోని క్షారము తగిలినందువల్ల అలా అవుతుంది. భయపడనక్కరలేదు. సబ్బుతో ఉతికి, బాగా జాడించి, ఆ మరక ఉన్న చోటు ఎండకు తగిలేటట్లు ఆరవేయండి. పసుపు రంగు ఎండకు ఆగదు. ఒకటి రెండు సార్లలో వెలిసిపోతుంది.

బ్లీచింగుతో వచ్చే చిక్కు

తెల్లబట్ట అనగానే మనకు బ్లీచింగు గుర్తుకు వస్తుంది. పూర్వం ఐరోపాలో నేసిన నార బట్టలను పచ్చికమీద పరచి, తడుపుతూ, ఎండబెడుతూ నెలల తరబడి తెలుపు చేసేవారు. 1774లో షీలే అనే శాస్త్రవేత్త క్లోరిన్ వాయువును కనుగొన్నాడు. 1799లో చార్లెస్ టెన్నెంట్ బ్లీచింగు పొడికి పేటెంటు పొందాడు. ఆ తరువాత నెలల పని దినములలోనికి వచ్చింది. అయితే అది మగ్గం మీదనుండి దిగిన కోరా బట్టకు చేసిన ఏర్పాటు. చెమట పట్టిన చొక్కా సంగతి వేరు.

క్లోరిన్ చెమటలోని మాంసకృత్తులకు తగిలితే పసుపు పదార్థాలు పుడతాయి. నా చొక్కాపై మరక ముదిరినది ఇందువల్లనే. పైగా బావులలో చల్లే బ్లీచింగు పొడిలో సున్నము ఉంటుంది. సరిగా జాడించకపోతే అది నూలులో నిలిచిపోతుంది. మందు ఎక్కువైతే నూలు బలహీనపడి, బట్ట చేతికి చిరిగిపోతుంది. మెడ పట్టీలో సాగే దారము ఉంటే అది కూడా పచ్చబడి పాడవుతుంది. కాబట్టి టీషర్టుల జోలికి బ్లీచింగును రానియ్యవద్దు.

బొమ్మను కాపాడుకోవాలి

మన దేశములో అల్లిక బట్టలకు పేరుపొందిన ఊరు తమిళనాడులోని తిరుప్పూరు. ఇలాంటి బనియను బట్ట అల్లినది గనుక సాగుతుంది. దానిపై బొమ్మను జల్లెడ వంటి చట్రముతో అచ్చు వేస్తారు. ఆ రంగులలో ఎక్కువ వాడే ఒక రకములో ప్లాస్టిక్ కలిసి ఉంటుంది. దానిని సుమారు 160 డిగ్రీల సెంటీగ్రేడు వేడితో గట్టిపరుస్తారు. నూలు బట్టకు పెట్టే ఇస్త్రీ వేడి దాదాపు 200 డిగ్రీలు. బొగ్గుల ఇస్త్రీ పెట్టెకు వేడిని అదుపు చేసే మీట ఉండదు. ఇస్త్రీ పెట్టె నేరుగా పెడితే బొమ్మ ఎందుకు కరిగి అంటుకుంటుందో ఇక చెప్పనక్కరలేదు.

అందుచేత ఉతికేటప్పుడు, ఆరవేసేటప్పుడు, ఇస్త్రీ చేసేటప్పుడు చొక్కాను తిరగేయాలి. బండకు బాదకూడదు. బొమ్మమీద బ్రష్షు వేయకూడదు. ఉడకబెట్టకూడదు. జిడ్డు పోతుందని కిరోసిను, పెట్రోలు రాస్తారు కొందరు. అవి బొమ్మను మెత్తబరచి ఊడదీస్తాయి.

ఉతికే విధానము

1. చొక్కా విప్పిన సాయంకాలమే తడపాలి. ఉతికే తీరిక లేకపోతే కనీసము చల్లని నీటిలో రెండుసార్లు ముంచి, పిండి, దండెం మీద వేయండి. ఉప్పు, చెమట చాలావరకు పోతాయి. మరిగే నీళ్ళు పోయవద్దు. మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి నూలును పట్టుకుంటాయి.

2. ఉతికేనాడు తిరగేసి, చంకలకు, మెడ పట్టీకి మాత్రము సబ్బు రాసి, పావుగంట ఉంచండి. రెండు చేతులతో మెత్తగా నలపండి.

3. గోరువెచ్చని నీటిలో సబ్బు పొడి కలిపి అరగంట నానబెట్టండి. పొడి ఎక్కువైతే బట్ట ఎక్కువ తెల్లబడదు. మిగిలిన పొడి బట్టలోనే నిలిచి, దుమ్మును పట్టుకొని మాసిన రంగు తెస్తుంది.

4. రంగుబట్టలతో కలపవద్దు. కొత్త ఎర్ర తువాలు ఒక్కటి చాలు, బకెట్టులోని తెల్లబట్టలన్నీ పాడు చేయడానికి.

5. నీరు తేటగా వచ్చేవరకు జాడించండి. సామాన్యముగా మూడు నీళ్ళు కావాలి. మెలితిప్పి పిండకుండా, అదిమి పిండండి.

6. తిరగేసి, గాలి బాగా ఆడేచోట ఆరవేయండి. ఎండ నూలును తెలుపు చేస్తుంది గాని బొమ్మ రంగును వెలిసిపోజేస్తుంది. భుజాల దగ్గర వేలాడదీస్తే చొక్కా సాగుతుంది. నడుము దగ్గర మడిచి దండెం మీద వేయడం మంచిది.

నీటి సంగతి

ఎంత ఉతికినా తెల్లబడడం లేదంటే నీటిని కూడా చూడాలి. చాలా ఊళ్ళలో బోరు నీటికి సబ్బు నురగ రాదు. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు బట్టల సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారి బట్టకు పట్టుకుంటాయి. కొంతకాలానికి బట్ట బూడిద రంగుకు తిరుగుతుంది. అలాంటి నీటికి బిళ్ళ సబ్బు కంటె డిటర్జెంటు పొడి నయము. నానబెట్టే బకెట్టులో ఒక చెంచాడు చాకలి సోడా వేస్తే నీరు కొంత మెత్తబడుతుంది. వానాకాలములో పట్టి ఉంచిన వాన నీరు అన్నిటికంటె మేలు.

బకెట్టు అడుగున ఎర్రని మడ్డి పేరుకుంటే నీటిలో ఇనుము ఉన్నదని అర్థము. రాత్రి పట్టి ఉంచితే గాలి తగిలి ఇనుము తుప్పుగా మారి అడుగుకు దిగుతుంది. ఉదయము పై తేటను మాత్రము గుడ్డలో వడకట్టి తెల్లబట్టలకు వాడండి. ఇప్పటికే తుప్పు మరక పడి ఉంటే, నిమ్మరసము, ఉప్పు కలిపి ఆ చోట రాసి, గంట తరువాత బాగా జాడించండి. ఇనుము మరకకు బ్లీచింగు తగిలితే అది ఇంకా ఎర్రబడుతుంది.

పాత మరకలకు

ముదిరిన చెమట మరకకు మందుల దుకాణములో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పనికివస్తుంది. దానికి సమానముగా నీరు కలిపి, వంట సోడాతో ముద్దలా చేసి, మరకమీద మాత్రమే రాయండి. బొమ్మకు తగలనియ్యవద్దు. ముందుగా లోపలి అంచుమీద రాసి చూడడం క్షేమము. చేతులకు తొడుగు వేసుకోండి. అరగంట తరువాత జాడించి ఉతకండి. ఒక్కసారికి పోకపోతే మరల చేయండి. మరక పోయే వరకు ఇస్త్రీ చేయవద్దు. పట్టణములో దొరికే ఆక్సిజన్ బ్లీచు పొడి కూడా మంచిదే. దానిలో క్లోరిన్ ఉండదు. పొట్లముమీద చెప్పిన కొలత ప్రకారం గోరువెచ్చని నీటిలో కలిపి నానబెట్టాలి.

నీలిమందు మరకను తీయదు. పసుపు ఛాయను నీలి ఛాయ కప్పుతుంది, అంతే. కాబట్టి శుభ్రముగా ఉతికిన బట్టకే పెట్టాలి. ముందు నీటిలో బాగా కలిపి, తరువాత బట్ట ముంచాలి. లేకపోతే చారలు పడతాయి.

ఒక హెచ్చరిక

తల్లులారా, ఇది మరువవద్దు. బ్లీచింగు నీళ్ళలో నిమ్మరసము, వినెగారు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ ఏదీ కలపకూడదు. రెండు కలిస్తే రెండింతలు తెల్లబడుతుందనుకుంటారు కొందరు. వాటి కలయికతో క్లోరిన్ విషవాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పొరపాటున కలిసి ఘాటు వస్తే, పిల్లలతో సహా వెంటనే ఆరుబయటకు రండి. దగ్గు, ఆయాసము ఉంటే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. ఈ మందులను కూల్‌డ్రింకు సీసాలలో పోసి ఉంచవద్దు. దాహంతో వచ్చిన పిల్లవాడు సీసాను చూస్తాడు గాని దానిలో ఏముందో చూడడు.

దాచేటప్పుడు

ఉతికి, పూర్తిగా ఆరిన బట్టనే పెట్టెలో పెట్టాలి. గంజి పెట్టిన బట్టను నెలల తరబడి దాచవద్దు. పురుగు పడుతుంది, పచ్చబడుతుంది. ప్లాస్టిక్ కవరు విప్పకుండా దాచిన కొత్త చొక్కా కూడా మడతల దగ్గర పచ్చబడడం చూసే ఉంటారు. కొన్ని కవర్లలో, అట్టపెట్టెలలో ఉండే పదార్థాలు గాలితో కలిసి బట్టకు ఆ రంగునిస్తాయి. ఉతికిన పాత నూలు పంచె ముక్కలో చుట్టి దాచడం మేలు.

చివరగా ఒక మాట. మరకలు పోగొట్టడానికి నేను పడిన తిప్పలలో సగము, చొక్కా విప్పిన రోజునే రెండు నీళ్ళు పోసి ఉంటే తప్పేవి. ఆ రెండు నీళ్ళు తల్లే పోయాలని ఎక్కడ ఉన్నది? పొలము పని, వంట పని, పశువుల పని ముగించుకొన్న ఆమెకు ఆ సాయంకాలము ఇంకా ఒక బకెట్టు ఎందుకు? ఇప్పుడు మా ఇంట ఒక కట్టడ ఉన్నది. చొక్కా వేసుకొన్నవారే విప్పగానే తిరగేసి, తడిపి, దండెం మీద వేయాలి. మగపిల్లలకూ అదే మాట. మొదట్లో మా రెండవవాడు సణిగాడు. మరుసటి సంవత్సరము కొత్త టీషర్టు వచ్చినప్పుడు మాత్రము నేను చెప్పకముందే బకెట్టు తీసుకొని బావి దగ్గరకు వెళ్ళాడు. ఆ చొక్కా మూడేండ్లు వాడికి, ఆ తరువాత వాడి చెల్లెలికి వచ్చింది. ఇద్దరూ చేతులు బాగా పైకెత్తి చప్పట్లు కొట్టారు.